వణికే చెయ్యి, కనబడని దారి



కొత్తవలసలో రైలు దిగినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఇక్కడ పట్టాలు చీలిపోతాయి. ఒక దారి విజయనగరం మీదుగా హౌరా వైపు పోయే పెద్ద లైను. రెండోది కొండలెక్కి బొర్రా, అరకు మీదుగా కిరండూలు పోయే కె.కె. లైను. బైలదిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960వ దశకంలో వేసిన లైను అది. ఈ నెల నేను రాయబోయేది మనిషి మెదడు గురించి. అయినా రైలు పట్టాలతోనే మొదలుపెట్టాను. కారణం చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. పేరు చెప్పను. ఈ సంగతి రాయడానికి మాత్రం ఆయనే ఒప్పుకున్నారు. రైల్వేలో కీమేనుగా చేసి రిటైరయ్యారు. కీమేను అంటే రైలెక్కి తిరిగే ఉద్యోగం కాదు. భుజాన సుత్తి వేసుకొని, తన వంతు దూరం ప్రతిరోజూ పట్టాల వెంట నడిచి, వదులైన కీలు బిగించి, పట్టా ఎక్కడైనా బీటలు వారిందేమో చూసుకుంటూ పోయే ఉద్యోగం. ఎండకీ వానకీ వెరవని మనిషి.

బల్లారాధన నాడు పాత్రలు అందించే పని ఎన్నో ఏళ్లుగా ఆయనదే. రెండేళ్ల క్రితం నుండి ఆయన చెయ్యి వణకడం నేను గమనిస్తూనే ఉన్నాను. ఒక ఆదివారం పళ్లెం పట్టుకొని నడుస్తుండగా ద్రాక్షారసం తెల్లటి బల్లగుడ్డ మీద ఒలికింది. వెనక వరుసల్లో గుసగుసలు బయలుదేరాయి. రాత్రిపూట పుచ్చుకుంటున్నాడేమో అని ఒకరు, ఎవరో చిల్లంగి పెట్టి ఉంటారని మరొకరు. నేను ఆ మాటలు విన్నాను. విని ఆయనను పక్కకు పిలిచి, ఏమైందని అడగవలసింది. అడగలేదు. "పెద్దయ్యగారూ, కొన్నాళ్లు మీరు విశ్రాంతి తీసుకోండి, కుర్రవాళ్లు చూసుకుంటారు" అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయారు. తరువాత మూడు నెలలు గుడికి రాలేదు. ఆ తప్పు నాది.

చివరికి ఒక సాయంకాలం వాళ్లింటికి వెళ్లాను. ఆయన అరుగు మీద రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని కూర్చొని ఉన్నారు. అలా కూర్చున్నప్పుడు చేతులు ఏమాత్రం వణకడం లేదు. కోడలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి నాతో మెల్లగా అంది: "విశాఖపట్నం తీసుకెళ్లి మెదడుకి పెద్ద స్కేనింగు తీయించామండి అయ్యగారూ. నా మెళ్లో గొలుసు తాకట్టు పెట్టాం. ఏటీ లేదు, అంతా బాగుంది అని రాసిచ్చారు. మరి బాగుంటే చెయ్యెందుకు వొణుకుతాదండి? మావయ్య కావాలని చేస్తున్నారని మా ఆయన అంటున్నారు."

పెద్దాయనకు ఆ మాట వినబడింది. ఏమీ అనలేదు. అటువైపు తిరిగి కూర్చున్నారు. రోగం కంటే ఆ మాటే ఆయనను ఎక్కువగా కుంగదీసిందని నాకు అప్పుడు అర్థమైంది.

మరుసటి వారం నేనూ వాళ్లబ్బాయీ కలిసి ఆయనను నరాల వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాము. స్కాను ఫిల్ము కవరు చేతికిచ్చాను. డాక్టరుగారు దాన్ని బల్ల మీద పెట్టి, ముందు మనిషిని చూశారు. చేతులు ఒళ్లో పెట్టుకోమన్నారు. వణుకు లేదు. రెండు చేతులూ ముందుకు చాపమన్నారు. వణికాయి. ఒక గ్లాసులోని నీళ్లు రెండో గ్లాసులోకి వంచమన్నారు. సగం బల్ల మీద పడ్డాయి. కాగితం మీద నత్తగుల్ల చుట్టులాగా గీత గీయమన్నారు. గీత అంతా రంపపు పళ్లలాగా వచ్చింది. లేచి నడవమన్నారు. నడక చక్కగా ఉంది. తరువాత, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?" అని అడిగారు.

"మా బాబుకి కూడా సేతులు వొణికేవండి. గంజి తాగితే సగం గుడ్డల మీదే" అన్నారు పెద్దాయన. ఆ సంగతి కొడుక్కి కూడా అంతవరకు తెలియదు.

డాక్టరుగారు చెప్పిన పేరు ఎసెన్షియల్ ట్రెమర్. వణుకు అనగానే మనలో చాలామందికి తెలిసిన పేరు పార్కిన్సన్ వ్యాధి. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దానిని వర్ణించి పుస్తకం రాశాడు. ఈ రెండూ ఒకటి కావు. పార్కిన్సన్‌లో చెయ్యి ఊరికే ఉన్నప్పుడే ఎక్కువగా వణుకుతుంది. సాధారణంగా ఒక పక్కన మొదలవుతుంది. కదలికలు నెమ్మదిస్తాయి, ఒళ్లు బిగుసుకుంటుంది, రాత చిన్నదైపోతుంది. ఎసెన్షియల్ ట్రెమర్‌లో అయితే పని చేసేటప్పుడు వణుకు వస్తుంది. కప్పు పట్టుకున్నా, సంతకం పెట్టినా, సూదిలో దారం ఎక్కించినా అదే తీరు. రెండు చేతులకీ వస్తుంది. కొందరికి తల, గొంతు కూడా వణుకుతాయి. చాలా ఇళ్లలో తండ్రి నుండి బిడ్డకు దిగివస్తుంది. ఇది అరుదైన రోగమూ కాదు. అనేక దేశాల లెక్కలు కలిపి 2010లో ప్రకటించినదాని ప్రకారం 65 ఏళ్లు దాటినవారిలో నూటికి నలుగురైదుగురికి ఉంటుంది. మీ సంఘంలో వంద మంది వృద్ధులుంటే లెక్క మీరే వేసుకోండి.

అప్పుడు నేను నా మనసులో ఉన్న ప్రశ్న అడిగాను. "మరి స్కానింగులో ఏమీ లేదన్నారు కదండీ?"

"ఏమీ లేకపోవడం మంచిదేనండి" అన్నారాయన. "గడ్డ లేదు, రక్తం గడ్డకట్టలేదు, పక్షవాతపు మచ్చ లేదు. ఆ స్కాను వెతికేది వాటిని. ఈ వణుకు ఉన్నదా లేదా అన్నది దానిని ఎవరూ అడగలేదు. అడిగినా అది చెప్పలేదు."

ఈ మాట నాకు పూర్తిగా అర్థం కావడానికి కొంత చదువుకోవలసి వచ్చింది. చదివినది మీకు తేలిక మాటల్లో చెబుతాను.

మన మెదడులో రెండు రకాల పదార్థం ఉంటుంది. పైపొరలోనూ లోపల కొన్ని ముద్దలుగానూ ఉండే బూడిదరంగు పదార్థం ఒకటి. నాడీకణాలు ఉండేది అందులో. వాటిని రైలు స్టేషన్లు అనుకోండి. ఒక స్టేషను నుండి మరొక స్టేషనుకు సమాచారం మోసే సన్నటి పోగుల కట్టలు రెండోది. ఆ పోగుల మీద కొవ్వు తొడుగు ఉండడంవల్ల తెల్లగా కనబడుతుంది. అందుకే దానిని తెల్ల పదార్థం అంటారు. అవి పట్టాలు. ఎన్ని కిలోమీటర్ల పట్టాలో తెలుసా? డెన్మార్కు పరిశోధకులు 2003లో ప్రకటించిన లెక్క ప్రకారం, 20 ఏళ్ల మనిషి మెదడులో ఈ తొడుగున్న పోగుల మొత్తం పొడవు సుమారు లక్షన్నర కిలోమీటర్లకు పైమాటే. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. 80 ఏళ్లు వచ్చేసరికి ఆ పొడవులో దాదాపు సగం తరిగిపోతుంది.

చెయ్యి నిలకడగా ఉండాలంటే ఇందులో ఒక దారి ముఖ్యం. తల వెనుక కిందిభాగాన చిన్నమెదడు ఉంటుంది. కదలిక ఎంత ఉండాలో, ఎక్కడ ఆగాలో సరిచూసేది అదే. అక్కడ నుండి ఒక పోగుల కట్ట బయలుదేరి, మెదడు కాండంలో రెండో పక్కకు దాటి, నడిమధ్యన ఉన్న థాలమస్ అనే పెద్ద జంక్షనుకు చేరుతుంది. అక్కడ నుండి కదలికలను నడిపే పైపొరకు పోతుంది. ఎసెన్షియల్ ట్రెమర్‌లో ఈ వలయంలోనే ఏదో లయ తప్పి, ఆ అదురు చేతికి దిగుతుందని వైద్యుల అభిప్రాయం.

మరి ఆ పట్టాలను బతికున్న మనిషిలో చూసేదెలా? మామూలు ఎం.ఆర్.ఐ. స్కానులో తెల్ల పదార్థం అంతా ఒకటే ముద్దగా కనబడుతుంది. ఏ పోగు ఎటు పోతున్నదో తెలియదు. ఆ దారులు చూపడానికి వచ్చినదే డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్ అనే పద్ధతి. పేరు పెద్దది గాని కిటుకు మన గోగునార రైతుకు తెలిసినదే.

ఒక గిన్నెడు నీళ్లలో సిరాచుక్క వేయండి. అన్ని వైపులా ఒకేలా వ్యాపిస్తుంది. అదే ఆరిన గోగునార కట్ట తీసుకొని ఒక కొన నీటిలో ముంచండి. తడి నార వెంట నిలువునా పాకుతుంది గాని అడ్డంగా అంత తొందరగా పోదు. మెదడులోని నీరు కూడా అంతే. పోగుల కట్ట వెంట తేలికగా కదులుతుంది, అడ్డంగా కదలాలంటే ఆటంకం. స్కాను యంత్రం ఎక్స్‌రే వాడకుండా, అయస్కాంతం సాయంతో, ప్రతి చోటా నీరు ఎటు ఎక్కువగా కదులుతున్నదో కొలుస్తుంది. ఆ కొలతలన్నీ కలిపి కంప్యూటరు దారులు గీస్తుంది. ఈ లెక్కను 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పీటర్ బాసర్, జేమ్స్ మాటిల్లో, డెనిస్ లె బిహాన్ అనేవారు ప్రకటించారు. ఆ బొమ్మల్లో కుడి ఎడమలకు పోయే దారి ఎరుపు, ముందు వెనుకలకు పోయేది పచ్చ, పైకి కిందికి పోయేది నీలం రంగు వేస్తారు. ముగ్గులాగా అందంగా ఉంటుంది.

పోగు తొడుగు అరిగినా, పోగులు పలచబడినా నీటి కదలికలో తేడా వస్తుంది. బెంగళూరులో మన తెలుగువారు కూడా ఎంతోమంది వైద్యానికి వెళ్లే నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది కదా. అక్కడి జితేందర్ సైనీ, ప్రమోద్ కుమార్ పాల్ మొదలైన వైద్యులు ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్నవారినీ, లేనివారినీ ఈ పద్ధతిలో పోల్చి చూసి, 2012లో ఫలితం ప్రకటించారు. రోగం ఉన్నవారి తెల్ల పదార్థంలో నీటి కదలిక వేరుగా ఉన్నట్లు వారికి కనబడింది. అంటే, వణుకు ఊహ కాదు. దారిలో జాడ ఉంది.

అయితే ఒక హెచ్చరిక. ఈ మాట విని ఎవరూ పొలం కుదువపెట్టి ఆ స్కానుకు పరుగెత్తవద్దు. ఆ తేడా గుంపుకూ గుంపుకూ మధ్య కనబడినది. ఒక్క మనిషి బొమ్మ చూసి ఈయనకు ఈ రోగం ఉంది, ఈయనకు లేదు అని చెప్పేంత స్పష్టత అందులో లేదు. వేరు వేరు చోట్ల చేసిన పరిశోధనల ఫలితాలు కూడా అన్నీ ఒకేలా రాలేదు. పైగా కంప్యూటరు గీసిన గీత నిజమైన నరపు ఫోటో కాదు, లెక్క మాత్రమే. రెండు కట్టలు అడ్డంగా దాటేచోట ఆ లెక్క తడబడుతుంది. అందుకే ఈ రోగాన్ని తేల్చేది ఇప్పటికీ వైద్యుని కన్నూ, చెయ్యీ, ప్రశ్నలే. కదలికల వ్యాధుల నిపుణుల అంతర్జాతీయ సంఘం 2018లో కుదుర్చుకున్న నిర్వచనంలో కూడా స్కాను ఊసు లేదు. పని చేసేటప్పుడు రెండు చేతులకూ వణుకు ఉండాలి, అది కనీసం 3 ఏళ్లుగా ఉండాలి, వేరే నరాల జబ్బు గుర్తులు ఉండకూడదు. ఇంతే.

దారుల బొమ్మ నిజంగా అక్కరకు వచ్చే చోటు వేరే ఉంది. మందులకు లొంగని గట్టి వణుకు ఉన్న కొద్దిమందికి శస్త్రచికిత్స చేస్తారు. థాలమస్ దగ్గర సన్నటి తీగ పెట్టి విద్యుత్తుతో వణుకును అణిచే పద్ధతిని 1987లో ఫ్రాన్సు దేశంలోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ అనే వైద్యుడు మొదలుపెట్టాడు. తలకు కోత లేకుండా శబ్దతరంగాలను ఒకచోట కేంద్రీకరించి చేసే పద్ధతికి అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. అలాంటప్పుడు ఆ పోగుల కట్ట సరిగ్గా ఎక్కడుందో ముందుగా తెలుసుకోవడానికి కొందరు వైద్యులు ఈ బొమ్మను వాడుతున్నారు. మన పెద్దాయనలాంటివారికి అంత అవసరం లేదు.

డాక్టరుగారు రక్తపరీక్షలో థైరాయిడ్ చూశారు. ఆయన వాడే మందులన్నీ అడిగారు, ఎందుకంటే కొన్ని ఆయాసం మందులు, మూర్ఛ మందులు కూడా వణుకు తెస్తాయి. తరువాత ప్రొప్రనొలాల్ అనే మాత్ర తక్కువ మోతాదులో మొదలుపెట్టారు. ఉబ్బసం ఉన్నవారు దానిని వాడకూడదు, కాబట్టి పొరుగువారి చీటీ చూసి ఎవరూ కొనుక్కోవద్దు. రోగం పూర్తిగా పోతుందని ఆయన చెప్పలేదు. కొంత తగ్గుతుందన్నారు. తగ్గింది కూడా.

సారా సంగతి కూడా చెప్పాలి. తాగుడు అలవాటున్నవాడు మానినప్పుడు చేతులు వణకడం నిజమే. కాని ఎసెన్షియల్ ట్రెమర్‌లో చాలామందికి కొంచెం తాగితే వణుకు కాసేపు తగ్గుతుంది. మత్తు దిగగానే మళ్లీ ఎక్కువవుతుంది. కొందరు అలా తెలియకుండానే అలవాటులో పడతారు. మన పెద్దాయన జీవితంలో చుక్క ముట్టలేదు. ముట్టి ఉంటే ఆ ఆదివారం పళ్లెం బహుశా ఒలికేది కాదు! మనం చెప్పుకున్న గుసగుస ఎంత తలకిందులుగా ఉందో చూడండి.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నేను ఆయనకు ఇదంతా నాకు తెలిసినంతవరకు చెప్పుకొచ్చాను. ఆయన కిటికీలోంచి పక్క లైను చూస్తూ విన్నారు. కొంతసేపటికి, "అయ్యగారూ, టేసను ఫొటో తీసి నా సేతికిచ్చి లైను బాగుందా అని అడిగితే నానేటి సెప్పగలనండి? లైను మీద నడవాలి. నడిచి సూసినోడికే తెలుస్తాది" అన్నారు. ఎదురుగా కూర్చున్న కొడుకు తల దించుకున్నాడు. కొంచెంసేపు ఆగి, తండ్రి మోకాలి మీద చెయ్యి వేశాడు.

ప్రియులారా, ఈ నెల నేను చెప్పదలచుకున్నది అదే. స్కానులో ఏమీ లేదన్నంత మాత్రాన మనిషికి ఏమీ లేదని కాదు. ఆ కాగితం ఒక సాక్షి మాత్రమే. తాను చూసినది చెబుతుంది, చూడనిదాని గురించి మాట్లాడదు. దానిని పట్టుకొని ఇంట్లో ముసలివారిని అబద్ధికులు అనవద్దు. మీ ఇంట్లో ఎవరికైనా చెయ్యి వణుకుతుంటే ముందుగా మూడు సంగతులు గమనించండి. ఊరికే ఉన్నప్పుడా, పని చేసేటప్పుడా? ఒక చేతికా, రెండింటికా? తాత ముత్తాతలలో ఎవరికైనా ఉండేదా? ఇవి రాసుకొని వెళితే వైద్యునికి సగం పని తేలిక. చిన్న వయసులో వణుకు మొదలైనా, ఉన్నట్టుండి వచ్చినా, మాట, నడక తేడా చేసినా ఆలస్యం చేయవద్దు. చిల్లంగి అంటూ తాయెత్తుల వెంట తిరిగి డబ్బూ కాలమూ పోగొట్టుకోవద్దు. ప్రార్థన చేయమంటే నేను తప్పక చేస్తాను. మాత్ర మానమని మాత్రం చెప్పను.

ఇంట్లో చిన్న చిన్న ఏర్పాట్లు కూడా మేలు చేస్తాయి. కప్పు సగమే నింపండి. తేలికైన గ్లాసు కంటే కాస్త బరువైనది మేలు. మోచేతులు పక్కటెముకలకు ఆనించి రెండు చేతులతో పట్టుకోమనండి. నలుగురిలో వాళ్ల చేతివైపు చూడకండి. మనం చూస్తున్నామని తెలిస్తే వణుకు ఇంకా ఎక్కువవుతుంది.

తరువాతి బల్లారాధనకు ముందు నేను సంఘమంతటి ఎదుట లేచి, పెద్దాయనను నేను అడగకుండానే తప్పించానని చెప్పి క్షమాపణ కోరాను. ఆయన లేచి, "ఆ మాటెందుకండీ" అని మాత్రం అన్నారు. తరువాత పళ్లెం తీసుకున్నారు. మోచేతులు ఆనించి, రెండు చేతులతో, మనవడు పక్కన నడుస్తుండగా వరుస వరుసకీ తిరిగారు. మూడో వరుస దగ్గర రెండు చుక్కలు ఒలికాయి. అక్కడ కూర్చున్న మామ్మగారు కొంగుతో తుడిచి, తన కప్పు తీసుకున్నారు. వెనక వరుసల్లో ఎవరూ ఏమీ అనలేదు.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం. అంతవరకు సెలవు.

మీ సహోదరుడు,
కొత్తవలస